అప్పులవాళ్ళ గుమ్మాల్లో అమ్మా, నేనూ

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి హాల్లో యువతీ యువకుల కోసం ఒక సమావేశం పెట్టారు. జీతం ఎలా వాడుకోవాలి, అప్పుల్లో పడితే ఎలా తేరుకోవాలి అన్నది విషయం. బ్యాంకులో ఆఫీసరుగా ఉన్న ఒకమ్మాయి గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, సగం హిందీలోనూ సగం ఇంగ్లీషులోనూ చాలా చక్కగా చెప్పింది. ఆ పిల్ల చెప్పిన దాంట్లో నాకు అర్థం కానిది ఏమీ లేదు, నిజానికి అందులో చాలా మటుకు నాకు పద్నాలుగో ఏటనే తెలుసు. చివర్లో పాస్టరుగారు, పెద్దవాళ్ళలో ఎవరైనా తమ అనుభవం చెబితే బాగుంటుందని నా వైపు చూశారు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నలుగురిలో నోరు విప్పడం నాకు కొత్త కాదు. అయినా లేచి నిలబడి, మా అమ్మ ఒకసారి మమ్మల్ని అప్పుల్లోంచి బయటికి లాగింది అని ఒక్క మాట అని కూర్చుండిపోయాను. పిల్లలు మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క మాట వెనక ఎంత ఉందో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? మీకైతే తెలుస్తుంది. భిలాయి స్టీలు ప్లాంటు సైరను విని గడియారాలు సరిచేసుకున్న మన ఈడు వాళ్ళకి, రేషను చక్కెర కోసం వరసలో నిలబడ్డ వాళ్ళకి, ఆ హాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా నాన్న విజయనగరం వైపు నుంచి పెళ్ళికి ముందే భిలాయి వచ్చి, ప్లాంటులో రోలింగు మిల్లులో కుదిరారు. మాకు సెక్టర్ 7లో క్వార్టరు ఉండేది. రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక ఒక జామచెట్టు, దాని కింద బట్టలుతికే రాయి. అమ్మది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఐదో తరగతి దాకా మిషను బడిలో చదువుకుంది, తెలుగు బైబిలు తడుముకోకుండా చదివేది. కానీ ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయినా అమ్మకి హిందీ రాలేదు. రావలసిన అవసరమూ పడలేదు. చుట్టుపక్కల నాలుగిళ్ళూ మన వాళ్ళవే, చర్చిలో ప్రార్థన తెలుగులోనే, బజారు పనులన్నీ నాన్నవే. పదిదాకా అంకెలు, వద్దనడానికి "నహీ చాహియే", ఎంతని అడగడానికి "కిత్నా" లాంటి రెండు మూడు మాటలు, ఇవే అమ్మకి తెలిసిన హిందీ. నాన్న హిందీ మాత్రం అద్భుతంగా మాట్లాడేవారు. సుపేలా బజారులో ఆయన బేరమాడుతుంటే పక్కన నిలబడడం నాకెంతో గర్వంగా ఉండేది. మా ఇంట్లో ప్రపంచంతో మాట్లాడే మనిషి నాన్న, మాతో మాట్లాడే మనిషి అమ్మ, అంతే అనుకునేదాన్ని.

నాన్నకి ఒక స్నేహితుడు ఉండేవాడు, ఒకే షిఫ్టు, ఒకే ఊరి వైపు మనిషి. మేం బాబాయి అని పిలిచేవాళ్ళం. ఆయన ఒక పాత లారీ కొని కిరాయికి తిప్పుతానని బయల్దేరితే, నాన్న ప్లాంటు ఉద్యోగుల అప్పుల సొసైటీలో ఆయనకి జామీను నిలబడ్డారు. అది చాలక తన పేరు మీద ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర వడ్డీకి తెచ్చి ఇచ్చారు. లారీ రెండు వర్షాకాలాలు తిరిగింది. ఆ తర్వాత లారీ లేదు, బాబాయి లేడు. ఉద్యోగానికి సెలవు చీటీ కూడా పెట్టకుండా కుటుంబంతో సహా ఎక్కడికో వెళ్ళిపోయాడు. సొసైటీ వాళ్ళు నాన్న జీతంలోంచి కోసుకోవడం మొదలుపెట్టారు. ఆ లోటు కనబడకుండా నాన్న సుపేలాలో కిరాణా సేఠ్‌జీ దగ్గర అరువు పెంచారు, పక్కింటి పెదనాన్న దగ్గర చేబదులు తీసుకున్నారు, ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి సర్దారు. ఇదంతా ఏడాదిన్నర నడిచింది. అమ్మకి తెలియదు. మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా నాన్న నవ్వడం తగ్గించారని, బజారుకి నన్ను వెంట తీసుకెళ్ళడం మానేశారని.

ఒక శనివారం మధ్యాహ్నం, నాన్న డ్యూటీలో ఉండగా, సేఠ్‌జీ దగ్గర పనిచేసే మనిషి వచ్చి మా గేటు పట్టుకుని పెద్ద గొంతుతో మాట్లాడసాగాడు. అమ్మకి అర్థం కాక నన్ను పిలిచింది. ఏటంటన్నాడే అని అడిగింది. నెలాఖరుకి ఇవ్వకపోతే జీతాల రోజున ప్లాంటు గేటు దగ్గరే పట్టుకుని అందరి ముందూ అడుగుతామంటున్నాడని నాకు అర్థమైంది. ఆ మాట తెలుగులోకి తేవడానికి నాకు ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ గుర్తు. చెప్పాక అమ్మ ముఖంలో ఏదో జరుగుతుందని చూశాను. ఏమీ జరగలేదు. అతనికి మంచినీళ్ళు ఇమ్మంది, అంతే.

నాన్న డ్యూటీ నుంచి వచ్చాక అమ్మ అన్నం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కునే దాకా ఆగింది. అప్పుడు పీట లాక్కుని ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఏటి జరిగిందో మొత్తం సెప్పండి. ఒక్కటి దాచినా నానేటీ సెయ్యలేను."

నాన్న చెప్పారు. చెప్పి, తలుపు వైపు చూస్తూ, తను అన్నీ ఆలోచించుకున్నానని, ఉద్యోగానికి రాజీనామా పెడితే చేతికొచ్చే ఫండు డబ్బుతో అందరికీ తీర్చేసి ఊరు వెళ్ళిపోదామని అన్నారు. ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, క్వార్టరు పోతే నా చదువు, తమ్ముడి చదువు పోతాయి. అయినా ఆయన ముఖంలో ఎంత అలసట ఉందంటే, ఆ క్షణాన ఆ రాజీనామా కాగితం ఆయనకి ఒక మంచంలాగా కనబడుతోందని నాకనిపించింది, వెళ్ళి పడుకోవచ్చన్నట్టు.

"పళ్ళ కోసం సెట్టు కొట్టీస్తావా?" అంది అమ్మ. కోపం వస్తే తప్ప అమ్మ నాన్నని ఏకవచనంలో అనేది కాదు. "ఉజ్జోగం ఒగ్గీడానికి ఈల్లేదు. మిగతా సంగతి నాకొదిలీ."

మిగతా సంగతి అమ్మకి వదిలెయ్యడం! భిలాయిలో ఒంటరిగా బస్సెక్కని మనిషికి! నాన్న సరేనన్నట్టు తలూపడం చూసి నాకు మొదటిసారి భయమేసింది.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక అమ్మ నన్నూ తమ్ముణ్ణీ కూర్చోబెట్టుకుని, మన ఇంట్లో ఇబ్బంది వచ్చింది, ఇది మీ నాన్న తప్పో ఇంకొకరి తప్పో ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, తీరేదాకా అందరం పని చెయ్యాలి అని చెప్పింది. పారిపోయిన బాబాయిని తిట్టడానికి కూడా వీల్లేదంది. ఆ తిట్టే ఓపిక దాచుకోమంది. తర్వాత, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో నాన్న చెబుతుంటే నన్ను రాయమంది. ఇంతే చూడండి, కానీ ఏడాదిన్నరగా నాన్న బుర్రలో కొండలా పెరిగిన ఆ భారం నాలుగు పేర్లుగా నా నోటు పుస్తకంలో అర పేజీలో ఇమిడిపోయినప్పుడు ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతేనా అన్నట్టు అమ్మ వైపు చూడడం నేను మరిచిపోలేను.

ముందు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది. గేటు దగ్గరికొచ్చి అరిచిన సేఠ్‌జీకే ముందు ఇవ్వాలని నాన్న. వడ్డీకిచ్చిన పెద్దమనిషి పాపం ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు, ఆయన ఆగుతాడని వాదన. అమ్మ ఒప్పుకోలేదు. "అరిసేవోణ్ణి కాదు, పెరిగేదాన్ని సూడండి. పొంగుతున్న గిన్నె ముందర దించాల," అంది. సేఠ్‌జీ బాకీకి వడ్డీ లేదు, పెద్దమనిషి బాకీ నెలనెలా పిల్లలు పెడుతోంది. అమ్మ గాజులూ, నాన్న స్కూటరూ అమ్మి, అసలూ వడ్డీ కలిపి ఆ పెద్దమనిషికి ఒక్కసారే కట్టేశారు. స్కూటరు పోయిన రోజు నాన్న వరండాలో చాలాసేపు నిలబడ్డారు. గాజులు పోయిన రోజు అమ్మ మామూలుగానే చపాతీలు చేసింది, చేతులు మాత్రం బోసిగా, చిన్నపిల్ల చేతుల్లా ఉన్నాయి. మొన్న ఆ బ్యాంకు అమ్మాయి గోడ మీద ఎర్రగీత గీసి, ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చాలని చెబుతుంటే నాకు ఆ పొంగే గిన్నే కనబడింది.

ఇక మిగిలినవి మూడు. సొసైటీది జీతంలోంచి ఎలాగూ పోతోంది, దాని జోలికి వెళ్ళొద్దంది అమ్మ. పక్కింటికీ, సేఠ్‌జీ దగ్గరికీ తనే వెళ్తానంది. వాళ్ళు మన గుమ్మంలోకి రాకముందే మనం వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాలంది. నాన్న వెళ్తానంటే వద్దంది. మీరెళ్తే మాట ఇచ్చేస్తారు, ఇవ్వలేని మాట ఇవ్వడమే కదా ఇంతకాలం చేశారు అంది. అది దెప్పడం కాదు, లెక్క చూసుకున్నట్టు చెప్పింది.

పక్కింటికి వెళ్ళడమే అమ్మకి కష్టమైందని నా అనుమానం, ఎందుకంటే అక్కడ దాక్కోవడానికి మధ్యలో పరభాష అడ్డం లేదు. శ్రీకాకుళం వాళ్ళు, పెద్దమ్మా అమ్మా పదిహేనేళ్ళుగా గోడ మీంచి కూరలు ఇచ్చిపుచ్చుకున్న వాళ్ళు. అమ్మ విషయం చెప్పగానే పెద్దమ్మ ఉలిక్కిపడి, ఆ డబ్బు సంగతి మరిచిపోమంది. అమ్మ మాత్రం, మరిచిపోతే రేపట్నుంచి నీ ముఖం చూడలేను అక్కా, ఆఖర్న ఇస్తాను, అందాకా రోజూ గోడ దగ్గర నన్ను మామూలుగా పిలువు, అదే సాయం అని అడిగింది. పెద్దమ్మ ఆ మాట నిలబెట్టుకుంది. ఆ మూడున్నరేళ్ళలో ఒక్క పొద్దున్న కూడా ఆవిడ గోడ దగ్గర పలకరింపు మానలేదు.

సుపేలాకి నన్ను తీసుకెళ్ళింది. చర్చికి కట్టుకునే నేతచీర కట్టుకుంది. ఎండ మండే మధ్యాహ్నం, ఆటోలూ బస్సులూ దుమ్మూ, ఆ రోడ్డు దాటడానికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నేను అమ్మది కాదు. సేఠ్‌జీ పరుపు మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. కొట్లో కొనేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామని నేను చీర లాగాను. అమ్మ ఆగలేదు. తన మాట మెల్లగా, ఒక్కొక్కటే విడగొట్టి నాకు చెప్పింది: నా భర్త మీకు బాకీ ఉన్నమాట నిజం, ఎగ్గొట్టం, నెలకి ఇంతకంటే ఎక్కువ ఇవ్వలేం, మొత్తం తీరడానికి రెండేళ్ళు పడుతుంది.

రెండేళ్ళు అన్నమాట వినగానే నేను కొనేవాళ్ళ వైపు చూశాను. అందరూ చూస్తున్నారు. ఆ సేఠ్‌జీ ఏం అరుస్తాడో అని, కొంచెం ఆగండి, తొందరగా ఇచ్చేస్తాం అని నాకు తోచినట్టు చెప్పేశాను. "సేఠ్‌జీ, థోడా టైమ్ దీజియే. జల్దీ దే దేంగే."

అమ్మ నా వైపు తిరిగింది.

"రెండేళ్ళన్నాను. నువ్వు దో అన్లేదు."

నేను తలొంచుకున్నాను.

"జల్దీ అంటే బేగి అని నాకు తెలుసు. బేగి ఇవ్వగలమా మనం? సరిగ్గా సెప్పు."

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే దో సాల్ అన్నాను. సేఠ్‌జీ దిండు మీంచి ముందుకి వంగి, ఏమిటి, మీ అమ్మ నిన్నెందుకు కోప్పడుతోంది అని అడిగారు. ఇంక దాచడానికేముంది, నేను అబద్ధం చెప్పాను, అమ్మ రెండేళ్ళంది, నేను తొందరగా అన్నాను అని చెప్పేశాను. కొట్లో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. కాసేపు అమ్మనే చూసి, నాతో అన్నారు.

"దేఖ్ బేటీ, జల్దీ బోల్‌నేవాలే రోజ్ ఆతే హైఁ. దో సాల్ బోల్‌నేవాలీ పహలీ బార్ ఆయీ హై."

తొందరగా ఇస్తామనేవాళ్ళు రోజూ వస్తారు, రెండేళ్ళు పడుతుందనే మనిషి మొదటిసారి వచ్చింది! ఆ మాట అమ్మకి చెప్పడానికి నాకు ఏ కష్టమూ కలగలేదు. ఇకమీదట అరువు మాత్రం ఇవ్వనన్నారు. అమ్మ సంతోషంగా తలూపింది. అరువు అడగకూడదని తనే అనుకుందట. బయటికొచ్చాక ఎండలో నిలబడి కొంగుతో నా ముఖం తుడిచి, మన దగ్గర డబ్బు లేకపోయినా ఫర్వాలేదు, మాట ఉండాల, అది నువ్వు ఒలకబోసీకు తల్లీ అంది. అంతదాకా నేను అమ్మని ఇంట్లో మనిషిగానే చూశాను. ఆ రోజు సుపేలా రోడ్డు మీద, నా చెయ్యి పట్టుకుని బస్సు కోసం అటూ ఇటూ చూస్తున్న ఆ మనిషి ఎంత ఎత్తుగా ఉందో అని మొదటిసారి అనిపించింది.

ఖర్చు తగ్గించడానికి ఒక హద్దుంది. నూనె తగ్గింది, సినిమా మానేశాం, బడికి నడిచే వెళ్ళాం, నాన్న సైకిలెక్కారు. అయినా నెలాఖరుకి చెయ్యి చాలేది కాదు. పైన నాలుగు రాళ్ళు రావాలి. ఎలా వస్తాయన్నది ఎవరికీ తోచలేదు. చివరికి దారి దొరికింది దాయి వల్ల.

దాయి అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మ. ఉతై పల్లె నుంచి నెత్తిన గంప పెట్టుకుని మా సెక్టరుకి కూరలమ్మడానికి వచ్చే ముసలావిడని అందరూ దాయి అనే పిలిచేవారు. అమ్మకీ ఆవిడకీ ఏళ్ళ తరబడి పరిచయం, ఇద్దరి మధ్యా ఒక్క పూర్తి వాక్యం నడిచి ఎరగదు. ఒక రోజు ఆవిడ వచ్చే వేళకి అమ్మ రొయ్యపొట్టు వేయిస్తోంది. మా మేనమామ ఊరి నుంచి ఎవరి చేతో పంపిన ఎండు రొయ్యలు. దాయి గుమ్మంలోనే ఆగిపోయి, గాలి పీల్చి, "సుక్సీ!" అని అరిచింది. గంప దించి కూర్చుంది. ఇక్కడి వాళ్ళకీ సుక్సీ అంటే, మన ఎండు చేపలంటే, అంత ప్రాణమని మాకప్పటిదాకా తెలియదు. అమ్మ గుప్పెడు రొయ్యపొట్టు పొట్లం కట్టి ఇస్తే, దాయి బదులుగా గంపలోంచి పెద్ద గుమ్మడికాయ తీసి పెట్టింది. అమ్మ ఆ గుమ్మడికాయ వంక చూస్తూ ఎంతసేపు నిలబడిందో! పొయ్యి మీద రొయ్యలు మాడిపోయాయి.

ఊరి నుంచి ఎండు చేపలు తెప్పించి ఇక్కడ అమ్మాలని అమ్మ నిశ్చయించుకుంది. కొత్త అప్పు చెయ్యనంది కాబట్టి, మేనమామని కూడా అరువడగలేదు. మూడు నెలలు ఇంటి ఖర్చులో రూపాయీ రూపాయీ మిగిల్చి, ముందు మనియార్డరు పంపి, అప్పుడు సరుకు పంపమంది. విశాఖపట్నం నుంచి దుర్గ్ వచ్చే రైల్లో రెండు తాటాకు బుట్టలొచ్చాయి, ఎండు నెత్తళ్ళ చేపలూ రొయ్యపొట్టూ. ఆ వాసన మా క్వార్టర్ల వరసంతటికీ తెలిసిపోయింది. ఎవరూ పైకి ఏమీ అనకముందే అమ్మ ఆ బుట్టలు ఉతైలో దాయి ఇంటి వసారాకి చేర్చింది. వారానికొకసారి సంతలో, దాయి కూరల పక్కన గోనె పరుచుకుని కూర్చుంది. మిల్లు ఉద్యోగి భార్య సంతలో ఎండు చేపలమ్ముతోందన్న కబురు మూడు సెక్టర్లు దాటింది. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు మంచి మనసుతోనే, మా కోసం కానుక పోగుచేస్తామని వచ్చారు. అమ్మ దండం పెట్టి, కానుక మాకంటే లేనివాళ్ళకి ఇవ్వండి, మీరంతా నా దగ్గర తలో పావుకిలో నెత్తళ్ళు కొనండి చాలు అంది. కొన్నారు. రుచి మరిగి మళ్ళీ మళ్ళీ కొన్నారు. తర్వాత్తర్వాత కొన్ని ఆదివారాలు పాస్టరమ్మగారే ఎవరికెంత కావాలో ముందే కబురు పంపేవారు.

నాన్న మాత్రం చాలా నెలలు సంత వైపు రాలేదు. అమ్మ రమ్మనలేదు. ఉదయం షిఫ్టు చేసి వచ్చి, మేం లేని ఇంట్లో తనే అన్నం పెట్టుకు తిని, మేం తిరిగొచ్చేసరికి గిన్నెలు తోమి బోర్లించి ఉంచేవారు. నాన్న గిన్నెలు తోమడమన్నది అప్పట్లో ఎంత వింతో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక సంత రోజు సెలవుంటే నేనూ వెళ్ళాను. జనం బాగా ఉన్నారు, అమ్మ తూకం వేస్తోంది, నేను డబ్బు పుచ్చుకుంటున్నాను. ఎదర గోనె మీద నీడ పడితే తలెత్తి చూశాను. నాన్న. సైకిలు మీద అంత దూరం తొక్కుకుంటూ, డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. సైకిలు స్టాండు వేసి, అమ్మ పక్కన గొంతుక్కూర్చుని, అమ్మ చేతిలోంచి తరాజు తీసుకున్నారు. అమ్మ ఇచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి ఆయన మిల్లులో పనిచేసే వాళ్ళే ఇద్దరు అటు వస్తూ కనబడ్డారు. నేను తల దించుకుని చేతిలో చిల్లర లెక్కపెట్టసాగాను. వాళ్ళు తల తిప్పుకుని వెళ్ళబోతుంటే నాన్నే గొంతెత్తి పిలిచారు.

"ఆవో భాయ్, మేరీ ఘర్‌వాలీ కీ దుకాన్ హై. సుక్సీ లే జావో!"

నా భార్య కొట్టు, రండి, తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళకి విన్నాను నాన్న పాత గొంతు! నా చేతిలో చిల్లర ఎంత ఉందో మరిచిపోయాను. అమ్మ చేపల మీద ఈగలు తోలుతూ, ఎక్కడో నవ్వు దాచుకుంది.

అంతా ఇలా సాఫీగా సాగలేదు. రెండో ఏడు వానాకాలంలో బుట్టలు దారిలో ఎక్కడో తడిసిపోయాయి. దుర్గ్ స్టేషనులో విప్పి చూస్తే బూజు. ఆ సరుకంతా పారెయ్యాల్సిందే. అమ్మ ప్లాట్‌ఫారం మీద ఆ బుట్ట అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే. దాయి ఆ కుళ్ళు చేపల్ని తన పాదుల్లో వేసుకుంటానని, మట్టికి బలమని పట్టుకుపోయింది. ఆ యేడు ఆవిడ పాదులకి కాసిన సొరకాయలు సంతకే వింత. కానీ ఆ నెల సేఠ్‌జీకి ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు.

గడువుకి రెండు రోజుల ముందే అమ్మ నన్ను రమ్మని సుపేలా బయల్దేరింది. దారంతా నేను హిందీ వాక్యాలు కూర్చుకుంటున్నాను, ఈసారి ఒక్క మాట కూడా మార్చకూడదని. కొట్టు మెట్ల దగ్గర అమ్మ ఆగి, నువ్వు ఊరికే నా పక్కన నిలబడు అంది. లోపలికెళ్ళి, సేఠ్‌జీ ఎదురుగా నిలబడి, తనే మాట్లాడింది. హిందీ అనుకుని మాట్లాడింది కానీ అది హిందీ కాదు, సంతలో దాయి పక్కన కూర్చుని పోగేసుకున్న ఛత్తీస్‌గఢీ. అందులో మా ఉత్తరాంధ్ర యాస. చేపలు తడిసిపోయాయి, ఈ నెల లేదు, వచ్చే నెల ఇస్తాను, ఈ నెలది ఆఖర్న కలుపుతాను. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా దేబిరించలేదు. సేఠ్‌జీ ముందు తెల్లబోయి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు. వెక్కిరింపు కాదది. పల్లెటూరి మాట విని మురిసిపోయినట్టు నవ్వి, మీరు చెప్పడానికి వచ్చారు కదా, అదే వాయిదా కట్టినట్టు అన్నారు. తిరిగొస్తుంటే, ఏటే, తప్పులేమైనా పోయాయా అని అమ్మ అడిగింది. నేను లేదన్నాను. అమ్మతో ఆ ఒక్క అబద్ధం ఆడాను. ఇంటా బయటా నాలుక మీద అన్ని భాషలున్న నాకు, ఆ రోజు అమ్మ పక్కన ఏమీ రాని దాన్లా అనిపించింది. పదిహేనేళ్ళు గుమ్మం దాటని మనిషి లోపల ఇంతటి మనిషి ఎక్కడ కూర్చుని ఉందో, నాన్నకి తెలియదు, నాకు తెలియదు, బహుశా అమ్మకీ తెలియదు.

మూడున్నరేళ్ళు పట్టింది. సేఠ్‌జీది రెండేళ్ళ మీద ఒక నెలకి తీరింది. చివరి వాయిదా నాడు ఆయన అమ్మకి అర కిలో పటిక బెల్లం పొట్లం కట్టించి ఇచ్చారు. ఆ తర్వాత సొసైటీ కోతలు ఆగిపోయాయి. ఆఖర్న పక్కింటిది. పెద్దమ్మ ఆ డబ్బు పుచ్చుకుని, నేనిది ఎప్పుడో మరిచిపోయాను చెల్లీ అంది, కళ్ళు తుడుచుకుంటూ. నాన్న అదే మిల్లులో పూర్తి కాలం పనిచేసి, పూలదండ వేయించుకుని రిటైరయ్యారు. నేను బీయెడ్ చేశాను, తమ్ముడు ఐటీఐ చదివి రైల్వేలో కుదిరాడు. అప్పులు తీరాక కూడా అమ్మ చాలా ఏళ్ళు సంత మానలేదు. గాజులు మళ్ళీ చేయించుకోమంటే, తూకం వేసేటప్పుడు అడ్డం అనేది. బాబాయి ఏమయ్యాడో మాకు నేటికీ తెలియదు. ఆయన బాగుండాలని అమ్మ ప్రార్థనలో పేరెత్తేది. అది మాత్రం నాకు ఇప్పటికీ చేత కాదు.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, దాయి అంతకు ముందే పోయింది. ఉతై ఇప్పుడు పల్లె కాదు, రోడ్డు పొడవునా కొట్లే. మన వరసల్లో సగం క్వార్టర్లు తాళాలు వేసి ఉన్నాయి. గోడ మీంచి పిలిచే పెద్దమ్మలు లేరు. అమ్మ చేసినవన్నీ ఈనాటి పిల్లలూ చెయ్యగలరు. ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టగలరు, పొంగే గిన్నె ముందు దించగలరు, సిగ్గుపడకుండా ఇంకో పని చూసుకోగలరు, మనకంటే చదువుకున్నవాళ్ళు, మనకంటే చురుకైనవాళ్ళు. నాకు బెంగ ఒక్కచోటే. వీళ్ళకి అప్పిచ్చేవాడు ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు. ఫోన్లో ఒక గొంతు భయపెడుతుంది, మర్నాడు ఇంకో గొంతు. మంచిచీర కట్టుకుని వెళ్ళి, ఎదురుగా నిలబడి, రెండేళ్ళు పడుతుందండీ అని నిజం చెబుదామంటే వినడానికి అవతల మనిషి లేడు. మన కాలంలో అప్పు చాలా సిగ్గైన సంగతే. కానీ ఆ సిగ్గు ఒక మనిషి ముఖం ముందు పడేవాళ్ళం, మన ముఖం చూసి కరిగేది కూడా ఆ మనిషే. అప్పట్లో ఎంత భయపడ్డామో ఆ ముఖాలకి! ఇప్పుడు వాటినే తలుచుకుని, ఎంత అదృష్టవంతులమో అనుకుంటున్నాను.